గోండ్‌పిప్రిలో కూలర్ లెక్క

నాగపూర్ నుంచి బస్సులో పోతుంటే చంద్రపూర్ రాకముందే థర్మల్ పొగగొట్టాలు కనబడతాయి. 2920 మెగావాట్ల కారఖానా అది. బస్సు మారి, బల్లార్‌పూర్, కొఠారి దాటితే గోండ్‌పిప్రి. తాలూకా ఊరే గాని చిన్నది. బోర్డులు మరాఠీవి, కింద మాటలు సగం తెలుగువి. వార్ధా నది దాటితే తెలంగాణే గదా. మిర్చి ఏరే కాలంలో ఇక్కడి కూలీలు అటే పోతారు.

నా బిడ్డను ఆ ఊరికే ఇచ్చాం. మొన్న మే నెలలో పోయాను. 45 డిగ్రీలు దాటడం ఆ జిల్లాలో వింత కాదు. పోయిన ఏడు వియ్యపురాలికి వడదెబ్బ తగిలి రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. అందుకే అల్లుడు కిస్తుల మీద ఏసీ తెస్తానంటాడు. పదో తరగతి మనవరాలు వద్దంటుంది. బడిలో కర్బన పాదముద్ర గురించి చెప్పారట. అంటే మనం వాడే వాటివల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ లెక్క.

ముగ్గురం కాగితం ముందేసుకుని కూర్చున్నాం. బొగ్గు కరెంటు ఒక యూనిట్‌కు ఇంచుమించు కిలో వాయువు. "కాలే బొగ్గే కిలో ఉండదు, వాయువు కిలో ఎట్లయితది?" అన్నాడు అల్లుడు. మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ కలుస్తుంది, బరువు దానిదే ఎక్కువ అని పిల్ల చెప్పింది. ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్ తింటే ఎనిమిది గంటలకు 12 కిలోలు. కూలర్‌కు కిలోన్నర.

పొడిగాలికి నీళ్లు తగిలితే చల్లబడుతుందని మనకెవరూ చెప్పనక్కర్లేదు. పోగు తెగకుండా మిల్లులో తుంపర గాలి ఊదేది అందరం చూసిందే. అక్కడి ఎండాకాలం గాలి పొడిది, ఎదురు కిటికీ తెరిచి పెడితే కూలర్ బాగా పనిచేస్తుంది. వానాకాలం ఉక్కలో మాత్రం దండగ.

అయినా పిల్లకు ఒక మాట చెప్పాను. మన దేశంలో మనిషికి ఏడాదికి సగటున రెండు టన్నులు, అమెరికాలో పద్నాలుగు దాకా. ఒక్క ఫ్యాను కింద బతికిన మీ నానమ్మ వంతు ఆ రెండులో ఏపాటి? పొదుపు ఆమె ప్రాణం దగ్గర మొదలుపెట్టొద్దు.

అంతదాకా వింటూ కూర్చున్న వియ్యపురాలు, "అన్నా, కూలర్‌కు నీళ్లెవరు మోస్తరు?" అంది. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఆ మోత మా కాగితంలో లేదు.

నీళ్లు తానే పోస్తానని అల్లుడు ఒప్పుకున్నాక పెద్ద కూలర్ తెచ్చారు. రేకుల కప్పు మీద తెల్ల సున్నం కొట్టించారు. ఏసీ మాట జూలై ఉక్కలో మళ్లీ చూద్దామన్నాడు.