బండ పలికిన దినము



మా సీమలో ఊరు దాటి తుమ్మచెట్ల నడుమ నుండు చేలను గూడ జనులు "అడివి" అనియే అందురు. ఎర్రగుంట్ల రైల్వే స్టేషనునకు మూడు మైళ్ల దూరమున, అట్టి అడివిలో, మా తండ్రి పంచి యిచ్చిన రెండెకరముల నల్లరేగడి చేను నాకు గలదు. బడిపంతులు పనినుండి విశ్రాంతి పొందిన పిమ్మట, ఆ చేనిలో 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల యొక గదిని నా చేతులతోనే కట్టుకొనవలెనని తలచితిని.

ఈ తలంపు నాకు ఒక పుస్తకమువలన కలిగెను. అమెరికా దేశములో హెన్రీ డేవిడ్ థోరో అను నతడు 1845లో వాల్డెన్ అను చెరువు దగ్గరి అడవిలో చిన్న యిల్లు కట్టుకొని, రెండేండ్లకు పైగా అందులో నివసించెను. పాఠములు చెప్పు దినములలో ఆ కథను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పితినో! కనుక నేనును అట్లే కట్టుదునని పదిమందిలో పలికితిని. "ఒక్కరి సాయమును నాకక్కరలేదు" అనియు అంటిని. ఆ మాట ఎవరి చెవిని పడవలెనని అంటినో నా భార్యకు తెలియును.

మా అన్న చేను నా చేనికి ఆనుకొనియే యున్నది. ఆయన నలువదేండ్లు బండల గనిలో పనిచేసినవాడు. తొమ్మిదేండ్లుగా మా యిద్దరికి మాటలు లేవు. చేనిగట్టు విషయమున తగవు వచ్చినది. తప్పంతయు ఆయనదే అని నేను అందరితో చెప్పుచుంటిని.

2021 ఫిబ్రవరిలో పునాది త్రవ్వితిని. నల్లరేగడి నేల నమ్మదగినది కాదు. తడిసిన ఉబ్బును, ఎండిన నెర్రెలు విచ్చును. దానిపై నిలిపిన గోడయు దానితోబాటు చీలును. గట్టినేల తగులువరకు త్రవ్వక తప్పదు. మా చేనిలో నాలుగడుగుల లోతున బండ తగిలెను. దానిమీద నాపరాళ్లు పరచి, మట్టి అడుసుతో గోడ యెత్తనారంభించితిని.

నాపరాయి మా ప్రాంతపు భాగ్యము. కోట్ల యేండ్ల క్రిందట సముద్రపు అడుగున పొరమీద పొరగా పేరుకొనిన సున్నపురాయి యిది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని నర్జి సున్నపురాయి అందురు. పొరలుగా నున్నందున గడ్డపారకు, ఉలికి లొంగి పలకలుగా విడివడును. మా యిండ్ల నేల అదే, గోడ అదే, పైకప్పు అదే. చేనికంచెకు నాటు కూసాలును అవే. ఈ సున్నపురాతినే మట్టితో కలిపి 1450 డిగ్రీల వేడిలో కాల్చి, ఎర్రగుంట్ల, చిలంకూరు కర్మాగారములలో సిమెంటు చేయుదురు. బండయు, ఆ బండల సందు పూడ్చు సిమెంటును ఒకే తల్లి బిడ్డలు. ఈ సంగతి పిల్లలకు చెప్పుటకే గాని నాకై నేను ఆలోచించుకొనుటకు పనికివచ్చునని అప్పుడు నాకు తోచలేదు.

వేసవి కాలమంతయు ఉదయము రెండు గంటలు, సాయంత్రము రెండు గంటలు పనిచేసితిని. గోడలు ఎనిమిదడుగులు లేచునప్పటికి కార్తికము వచ్చెను. ఆ నవంబరు వానలు మీలో అనేకులకు జ్ఞాపకముండును. పైకప్పు లేని నా గోడలలోనికి నీరు దిగి, అడుసు కరిగి, పడమటి గోడ మూల జారిపోయెను. రెండు దినములు అన్నము సహింపక గొణుగుచు కూర్చుంటిని. అంతలో, నవంబరు 19న రాజంపేట ప్రాంతమున చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినదనియు, దిగువ గ్రామములలో ఇండ్లును మనుష్యులును కొట్టుకొనిపోయిరనియు వార్త వచ్చెను. నా భార్య ఆ వార్త విని, "మీ గోడ మూలే కదా పోయింది" అని మాత్రము అనెను. నేను లేచి మరల అడుసు త్రొక్కితిని.

పుష్యమాసమునకు గోడలు ఆరినవి. చలికాలము మా వైపు కట్టడపు పనికి అనుకూలమైన కాలము. బావిలో నీరుండును, సిమెంటు తొందరగా ఎండి బీటలు వారదు, మనిషికి అలసట తక్కువ. తెల్లవారుజామున శనగచేలపై మంచు కురియుచుండగా, బొంబాయి మార్గపు రైలు కూత వినుచు చేనికి నడచుట నాకెంతో హాయిగా నుండెను. నడుమ ఇనుప దూలము కూలివాండ్రచే ఎక్కించితిని. ఇక పైకప్పు బండలు మిగిలినవి.

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళముల మందము గల బండ దాదాపు 140 కిలోలు తూగును. అట్టివి పదునాలుగు కావలెను. ఒకచోట చవుకగా వచ్చుచున్నవని కొని తెచ్చితిని. నలుగురు లేక యెత్తరాదని తెలిసియు, ఒక్క కూలివానితో, ఏటవాలుగా రెండు మ్రాకులు ఆనించి, మోకులు కట్టి లాగితిని. మొదటి బండ సగము దూరమెక్కి, నిలిచి, ప్రక్కకు జారెను. కూలివాడు తప్పుకొనెను. నా కుడి పాదపు రెండు వ్రేళ్లు నలిగెను. బండ నేలబడి రెండు ముక్కలయ్యెను.

మూడవ దినమున పాదమునకు కట్టు కట్టుకొని చేనిగట్టున కూర్చుండి యుండగా, మా అన్న తన కొడుకులిద్దరితోను, గనిలో తనతో పనిచేసిన మరియిద్దరితోను వచ్చెను. నన్ను పలుకరింపలేదు. నేరుగా బండల వామి యొద్దకు పోయి, చిన్న సుత్తెతో ఒక్కొక్క బండను తట్టి, చెవి యొగ్గి వినుచుండెను. మంచి బండ కంచుపాత్రవలె ఖంగున మ్రోగెను. మూడు బండలు మాత్రము మూగబోయినట్లు డబ్బుమనెను. వాటిని వేరుగా లాగించి, తొమ్మిదేండ్ల తరువాత మొదటిసారి నాతో ఇట్లనెను:

"ఇవి పలకడం లేదురా. లోపల నెర్రె ఉండాది. పైకి కనపడదు. ఈటి కింద నువ్వు పండుకుంటావా?"

నాకు నోట మాట రాలేదు. ఆ మూడింటిలో రెండింటిని, మంచము వేసికొనదలచిన మూలకే నేను ఏర్పరచియుంటిని. అవి చూచుటకు అన్నిటికంటె నునుపుగా నుండెను.

పగిలిన దానికిని, ఆ మూడింటికిని బదులుగా ఆయన తన యింటి వెనుకనున్న బండలు నాలుగు తెప్పించెను. పైన నలుగురు మోకులు పట్టిరి, క్రింద గడ్డపారలతో ఆయన నిలిచెను. "ఐలెస్సా" అని అందరు నొక్క గొంతుతో అరచినప్పుడు బండ తేలికయైనట్లు లేచుచుండెను. ప్రొద్దు గ్రుంకక మునుపే పదునాలుగు బండలును కూర్చుండెను. వదిన తెచ్చిన జొన్నరొట్టెలు, శనక్కాయల చట్నీ అందరము అక్కడనే తింటిమి.

ఆ రాత్రి ఇంటికి వచ్చి థోరో పుస్తకమును మరల విప్పితిని. ఆయన గొడ్డలి ఎరువు తెచ్చుకొన్నది. భూమి ఆయన సొంతము కాదు. ఇంటి చట్రము నిలిపినప్పుడు పరిచయస్థులు వచ్చి చేయి వేసిరి. ఇదంతయు ఆయనే దాచక వ్రాసియున్నాడు. ఇన్నేండ్లు పాఠము చెప్పిన నేను ఆ పంక్తులను చూచియు చూడక దాటిపోతిని.

చదువరులారా, ఇక నేను దాచినదియు చెప్పవలెను. తొమ్మిదేండ్ల క్రిందట, అన్న గనికి పోయిన దినమున, గట్టుమీద కూసాలు నాటించినది నేనే. కొలత త్రాడు ఆయన చేనిలోనికి ఒక మూర జరిగినదని ఆ దినముననే నాకు తెలియును. తెలిసియు ఊరకుంటిని. బండలోని నెర్రె సుత్తె తట్టినగాని బయటపడదు. నాలోని నెర్రెను తట్టినది ఆ మూడు బండల మూగ చప్పుడు.

పైకప్పు సందులు పూడ్చి, పది దినములు నీళ్లు కొట్టి, పని ముగించిన మరునాడు గడ్డపార తీసికొని గట్టుకు పోతిని. మూడు కూసాలు పెరికినప్పటికి మా అన్న చూచి వచ్చెను. "ఏందిరా ఇది?" అనెను. "మూర జరిగింది అన్నా. నాకప్పుడే తెలుసు" అంటిని. ఆయన చాలసేపు ఊరకుండెను. పిమ్మట, "నాకూ తెలుసులే" అని, నాల్గవ కూసమునకు తానే గడ్డపార వేసెను.

ఆ కూసాలలో విరిగినవి రెండుండెను. వాటిని గది ముందర అరుగునకు వాడితిమి. మేమిద్దరము ఇప్పటికిని ఎక్కువగా మాటలాడుకొనువారము కాము. అయితే చలికాలపు సాయంకాలములందు ఆయన పని ముగించుకొని వచ్చి, ఆ అరుగుమీద కూర్చుండి, నా భార్య యిచ్చిన టీ త్రాగిపోవును. పోవునప్పుడు ఒక్కొక్కసారి తలయెత్తి పైకప్పు చూచును.