పులి ఇంటికి... కాలినడకన!

జీపు లేదు. తలుపుల్లేవు, గోడల్లేవు. వీపున సంచి, ముందు గైడు, వెంట తుపాకీతో ఓ అటవీ ఉద్యోగి... అంతే! పెరియార్‌ అడవిలో రెండు పగళ్లు, ఒక రాత్రి గడపాలంటే కాస్త ధైర్యం, బోలెడంత తయారీ కావాలి.

‘జీపులో వెళ్లొచ్చుగా నాయనా, నడవడమేంటీ?’ ఇదీ అమ్మ ప్రశ్న. ఏటా మాల వేసుకునే బాబాయి మాత్రం ‘శబరిమల ఉన్నదీ ఆ అడవిలోనే వదినా. పెద్దపాదంలో మేం నడవట్లేదూ’ అంటూ నన్ను వెనకేసుకొచ్చాడు. నిజమే. కేరళలోని పెరియార్‌ పులుల అభయారణ్యం విస్తీర్ణం 925 చదరపు కిలోమీటర్లు. శబరిమల దానికి పడమటి వైపు ఉంటే, మేం వెళ్లే తేక్కడి తూర్పు వైపున ఉంది. అక్కడ శరణుఘోష చేస్తూ నడుస్తారు. ఇక్కడ మాత్రం నోరు విప్పకూడదు!

నెల ముందు నుంచే...
రోజూ పొద్దున్నే గంటసేపు నడిచాను. చివరి వారం సంచిలో నాలుగైదు కిలోల బరువు వేసుకుని అపార్ట్‌మెంటు మెట్లెక్కుతుంటే వాచ్‌మన్‌ వింతగా చూశాడు. అన్నీ బాగానే చేసి ఒక్కచోట తప్పటడుగేశాను. ప్రయాణానికి రెండ్రోజుల ముందు కొత్త బూట్లు కొన్నాను. అడవిలో తొలి గంటకే మడమ బొబ్బలెక్కింది. కాలికి అలవాటైన పాత బూట్లే మేలు.

సంచి సగమైంది!
బయల్దేరే ముందు గైడు నా సంచి విప్పించాడు. ఎర్ర జర్కిన్‌, సెంటు సీసా, చిప్స్‌ ప్యాకెట్లు... ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. ముదురు రంగులు జంతువుల కంట పడతాయి. వాసన మనకంటే ముందు వెళ్లి కబురు చెబుతుంది. ప్లాస్టిక్‌ కవర్ల చప్పుడు మౌనంగా ఉన్న అడవిలో చాలాదూరం వినిపిస్తుంది. ఆకుపచ్చ, ఖాకీ బట్టలు, టార్చి, నీళ్ల సీసా, వానకోటు, రోజూ వేసుకునే మందులు... ఇవి చాలు. జలగలు పట్టకుండా మోకాళ్ల దాకా గుడ్డ తొడుగులు వేసుకోవాలి.

తర్వాత పాఠం... ఏనుగు గురించి. ఈ అడవిలో పులి కన్నా దానితోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఎదురైతే అరవకూడదు, పరుగెత్తకూడదు. గైడు చెయ్యెత్తితే ఉన్నచోటే ఆగిపోవాలి.

ఒకప్పటి దొంగలే...
మన ప్రాణం ఎవరి చేతిలో పెడుతున్నామో తెలిస్తే మొదట గుండె జారుతుంది. ఈ నడకను మొదలుపెట్టిన గైడ్లు ఒకప్పటి అడవి దొంగలు! అడవి దాల్చిన చెట్ల బెరడు ఒలిచి అమ్ముకునేవారు. 1990ల్లో 20 మందికి పైగా లొంగిపోతే అటవీశాఖ వాళ్లకు దారి చూపే పని అప్పగించింది. పోలీసుల కంట పడకుండా తిరిగిన దారులే ఇప్పుడు వాళ్లకు అన్నం పెడుతున్నాయి.

రాత్రి గుడారంలో నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో కణితి అరిచింది. అది అలా అరిచిందంటే దగ్గర్లో పులో, రేచుకుక్కలో ఉన్నట్టే. భయంతో బయటికి తొంగిచూశాను. నెగడు దగ్గర మా గైడు తాపీగా కూర్చుని ఉన్నాడు. వాళ్లు రాత్రంతా వంతులవారీగా మేలుకునే ఉంటారు. అతణ్ని చూశాక ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.

తెల్లారాక వాగు ఒడ్డున తడి మట్టిలో పులి పాదముద్ర కనిపించింది. పులి మాత్రం కనిపించలేదు. తిరుగుదారిలో గైడు ఓ చెట్టు కింద ఆగి, రాలిన ఆకును నలిపి నా ముక్కు దగ్గర పెట్టాడు. దాల్చిన వాసన! ఏమీ మాట్లాడకుండా ఆ చెట్టు బెరడును ఓసారి అరచేత్తో నిమిరి ముందుకు సాగాడు.

ఇంటికొచ్చాక ‘పులి కనిపించిందా?’ అంది అమ్మ. లేదన్నాను. ఆ చెట్టు సంగతి చెప్పాను.

ఎలా వెళ్లాలి?
సికింద్రాబాద్‌ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో కొట్టాయం చేరుకోవాలి. అక్కణ్నుంచి కుమిలికి బస్సులో సుమారు 110 కిలోమీటర్లు. తేక్కడి ఆ పక్కనే. ఒక్కో జట్టులో కొద్దిమందినే అనుమతిస్తారు కాబట్టి అటవీశాఖ దగ్గర ముందే బుక్‌ చేసుకోవాలి. జోరువానల కాలం తగ్గాక వెళ్తే నడక సులువు.