రైలు లేని దీవుల్లో

మా పెళ్ళయి 40 సంవత్సరాలు నిండాయి, ఎక్కడికైనా వెళ్ళి వద్దామనుకున్నప్పుడు పిల్లలు ఊటీ అన్నారు, సిమ్లా అన్నారు. మావారు అండమాన్ అన్నారు. రైల్వేలో 36 సంవత్సరాలు గార్డుగా పనిచేసిన మనిషి, రైలు పట్టా అన్నదే లేని చోటు కోరుకోవడం మాకు వింతగానే తోచింది. ఆ దీవుల్లో ఈనాటికీ రైలు లేదు. "చూసిన స్టేషన్లే చూసి విసుగెత్తింది. పట్టాలు లేనిచోట మనుషులు ఎలా తిరుగుతారో చూద్దాం" అన్నారాయన.

ఈ వ్యాసం రాస్తున్న చేయి ఒకరిదే అయినా, రాసిన ప్రతి పేజీ మావారు కళ్ళద్దాలు పెట్టుకుని దిద్దుతున్నారు. అందుకని 'మేము' అనే రాస్తున్నాం. కొన్నిచోట్ల ఆ 'మేము' ఒక్క మనిషే అయితే పాఠకులు సర్దుకోవాలి.

మూడు సంవత్సరాల క్రితం మావారికి పక్షవాతం వచ్చింది. దేవుని దయవల్ల మాట తిరిగి వచ్చింది, చేయి చాలావరకు వచ్చింది, ఎడమకాలు మాత్రం ఇంకా ఈడుస్తారు. చేతికర్ర పట్టుకుని నడుస్తారు. మనిషి చేయి పట్టుకోమంటే మాత్రం ఒప్పుకోరు. బజారులో మేము మోచేయి పట్టుకుంటే మెల్లగా విడిపించుకుంటారు. కదిలే బండిలోకి లాంతరు చేతబట్టుకుని ఎక్కిన మనిషి మరి. "నడవగలిగినంత నడవనివ్వండమ్మా, పడిపోకుండా చూసుకోండి" అన్నారు డాక్టరుగారు. ఈ రెండూ ఒకేసారి ఎలా చేయాలో ఇంట్లోనే తెలియదు, ఇక సముద్రం మీద ఎలాగా అని మా బెంగ.

2024 డిసెంబరులో బయలుదేరాం. విశాఖపట్నం నుంచి, చెన్నై నుంచి, కలకత్తా నుంచి ఓడలున్నాయి కానీ సుమారు మూడు రోజుల ప్రయాణం. పైగా ఓడలో నిట్టనిలువు మెట్లుంటాయని విన్నాం. అందుచేత చెన్నై నుంచి విమానంలో వెళ్ళాం. రెండు గంటల పైచిలుకు. మనం చిన్నప్పటి నుంచి పోర్ట్ బ్లెయిర్ అని చదువుకున్న ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. హేవలాక్ దీవి స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి షహీద్ ద్వీప్, రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది 2018 డిసెంబరులోనే. జెట్టీల దగ్గర జనం నోట మాత్రం ఇంకా పాతపేర్లే వినిపించాయి.

ఊరు చదునుగా ఉంటుందనుకున్నాం. లేదు, అంతా ఎత్తుపల్లాలే. పటంలో రెండు వీధుల అవతల అనుకున్న చోటు నిజానికి ఒక గుట్ట ఎక్కి దిగితే గానీ రాదు. మొదటిరోజు సెల్యులార్ జైలు చూశాం. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించిన కట్టడం. ఏడు రెక్కలలో ఇప్పుడు మూడే మిగిలాయి. మూడు అంతస్తులు. అల్లూరి సీతారామరాజుగారి అనుచరుడు గాం మల్లుదొర ఇక్కడ శిక్ష అనుభవించి, తర్వాత 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. పై అంతస్తు ఎక్కాలని మావారికి ఉంది. గోడవైపు కర్ర, కమ్మీవైపు చేయి వేసి ఒక్కొక్క మెట్టే ఎక్కారు. మేము ఒక మెట్టు వెనకాలే ఉండి, చేతులు చాచీ చాచకుండా ఎక్కాం. దిగేసరికి మా ఇద్దరికీ చెమటలు.

మరునాడు ఆబర్డీన్ జెట్టీ నుంచి రాస్ దీవికి వెళ్ళాలి. చిన్న బోట్లు, పది పదిహేను నిమిషాల ప్రయాణం. ఎక్కడమే కష్టం. బోటుకూ జెట్టీ గట్టుకూ మధ్య సందు ఒకసారి జానెడుంటుంది, ఒకసారి మూరెడవుతుంది. బోటు కిందికి దిగుతుంది, పైకి లేస్తుంది. మా గుండె గుభేలుమంది. తిరిగి వెళ్ళిపోదామా అని నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాం.

బోటులో నిలబడిన కుర్రవాడు ఎక్కేవాళ్ళందరికీ చేయి అందిస్తున్నాడు. కాలేజీ అమ్మాయిలకు అందించాడు. బంగారు గొలుసు వేసుకున్న బొద్దు వర్తకుడికి అందించాడు. మిలిటరీ మీసాల పెద్దమనిషి ఒకాయన వద్దన్నట్లు తల ఊపినా వినలేదు. అరచెయ్యి పట్టుకోడు, మణికట్టు పట్టుకుంటాడు. అరచెయ్యి తడికి జారుతుందట. బోటు పైకి లేచేదాకా ఆగి, లేవగానే లాగుతాడు. మావారు కర్రమీద ఆనుకుని దాదాపు పదిహేనుమంది ఎక్కడం చూశారు, ప్లాట్‌ఫారం మీద నిలబడి పెట్టెలు లెక్కపెట్టుకున్నట్లు. ఆయన వంతు వచ్చింది. కుర్రవాడు ముందు కర్ర తీసుకుని బోటులో పడేశాడు, తర్వాత మణికట్టు పట్టాడు. వద్దనే వ్యవధి లేదు. మేము పట్టుకుంటే విడిపించుకునే ఆ చేయి, ఎవరో తెలియని కుర్రవాడి చేతిలో అట్టే ఉండిపోయింది.

రాస్ దీవి ఒకప్పుడు బ్రిటిషువారి పాలనా కేంద్రం. 1941 భూకంపం, మరుసటి ఏడు జపానువారి రాక, ఆ పైన అడవి కలిసి దాన్ని పాడుపెట్టాయి. కప్పులేని చర్చి గోడలకు మర్రి ఊడలు అల్లుకుని ఉన్నాయి. జింకలు మనుషులకు బెదరకుండా తిరుగుతున్నాయి. ఎత్తు ఎక్కలేనివారికి బ్యాటరీ బండి ఉంది, అందులో కూర్చుని చూశాం.

తిరిగి వచ్చాక జెట్టీ దగ్గర టీ తాగుతుంటే మా మాటలు విని ఒక ముసలాయన పలకరించారు. శ్రీకాకుళం జిల్లా మనిషి. ముప్ఫై ఏళ్ళ క్రితం వేటకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. ఈ ఊళ్ళో, ముఖ్యంగా జంగ్లీఘాట్ వైపు, తెలుగువారు చాలామందే ఉన్నారు. ఆయన మావారి కాలు చూసి, జాలిమాట ఒక్కటీ అనకుండా, "బావుగారూ, తమరు పాటు మీద ఎల్లారు, అందికే ఇబ్బందయ్యింది. పాటు మీద బోటు కిందికి పోద్ది, తమరు దిగాల. పోటు మీద ఎల్లండి, బోటే గట్టు కాడికొస్తాది" అన్నారు.

పోటు అంటే సముద్రం ఎక్కడం, పాటు అంటే తీయడం. రోజుకు రెండేసిసార్లు వస్తాయనీ, రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయనీ ఆయన వేళ్ళమీద లెక్క చెప్పారు. అమావాస్యకూ పున్నానికీ తేడా మరీ ఎక్కువట. మావారి ముఖం వెలిగిపోయింది. పదవీ విరమణ తర్వాత ఆయనకు టైంటేబుల్ దొరకడం ఇదే మొదటిసారి! జేబులోని చిన్న డైరీ తీసి ఆ వారానికి పోటు వేళలు అక్కడికక్కడే రాసుకున్నారు. ఆ రోజు నుంచి మా తిరుగుడంతా ఆ డైరీ ప్రకారమే. అన్ని బోట్ల వేళలూ మన చేతిలో ఉండవు, కానీ రెండు బోట్లున్నచోట ఏది ఎక్కాలో మావారు తేల్చేవారు.

ఫీనిక్స్ బే నుంచి ప్రభుత్వ బోటులో స్వరాజ్ ద్వీప్ రెండున్నర గంటలు. ప్రయివేటు బోట్లు త్వరగా వెళతాయి గానీ వాటిలో సీటు వదిలి లేవడం కష్టమని చెప్పారు. ప్రభుత్వ బోటులో కోడిపిల్లల బుట్టలు, సిమెంటు సంచులు, పెళ్ళివారు, మేమూ. 1950లలో తూర్పు బెంగాలు నుంచి వచ్చిన కాందిశీకులకు అక్కడ భూములిచ్చి స్థిరపరిచారు. ఊళ్ళను ఇప్పటికీ అంకెలతో పిలుస్తారు. జెట్టీ ఉన్నది ఒకటో నంబరు, బజారు మూడో నంబరు, పేరుపొందిన రాధానగర్ తీరం ఏడో నంబరు. ఒకటి నుంచి ఏడుకు సుమారు 12 కిలోమీటర్లు. పడుచు జంటలు స్కూటరు అద్దెకు తీసుకుని రివ్వున పోతున్నారు. బస్సుంది గానీ దాని రాకపోకలు మావారి డైరీకి లొంగలేదు. ఆటోయే గతి.

ఇక్కడ చీకటి సంగతి చెప్పాలి. మన గడియారమే, కానీ దీవులు మనకు చాలా తూర్పున ఉన్నాయి. డిసెంబరులో సాయంత్రం 5 కొట్టేసరికి సూర్యుడు మునిగిపోతాడు, అరగంటలో చిమ్మచీకటి. సూర్యాస్తమయం చూడ్డానికి వచ్చిన జనమంతా ఒక్కసారే వెనక్కి మళ్ళుతారు, ఆటోలు చాలవు. మేము వెళ్ళేటప్పుడే ఆటో అబ్బాయిని ఆగమని మాట్లాడుకున్నాం. మోకాళ్ళ నొప్పులున్నవారు ఎవరు వెళ్ళినా అలాగే చేయమని మా సలహా. రాధానగర్ ఇసుక పిండిలా మెత్తన. కళ్ళకు హాయి, చేతికర్రకు శత్రువు. జానెడు లోతున దిగబడిపోతుంది. తడి ఇసుక గట్టిగా ఉంటుందని నీటి అంచున నడిచాం. ఆ సాయంత్రం చీకట్లో వెనక్కి వస్తుంటే, మావారు మా భుజం మీద చేయి వేశారు. మేము ఏమీ అనలేదు. అంటే తీసేస్తారని భయం.

బారటాంగ్ దీవిలో సున్నపురాయి గుహలున్నాయి, తప్పక చూడండి అన్నారు లాడ్జివారు. వెళ్ళలేదు. తెల్లవారుజామునే లేచి జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాల వరుసలో చేరాలి, అడవి దాటాక పంటు మీద జలసంధి దాటాలి, అక్కడి నుంచి చిన్న పడవ, ఆ పైన నడక. అది ఒక కారణం. రెండవది, ఆ రోడ్డు వెళ్ళేది జరవాల అడవి గుండా. దారిలో ఆగకూడదు, ఫొటో తీయకూడదు, వారికి ఏమీ ఇవ్వకూడదు. రోడ్డులో కొన్ని భాగాలు మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది, వాహనాలు ఇంకా వెళుతూనే ఉన్నాయి. పని ఉన్నవారి సంగతి వేరు. మన సరదాకోసం ఒకరి పెరటిలోనుంచి బస్సులో పోవడం మా ఇద్దరికీ నచ్చలేదు.

షహీద్ ద్వీప్‌లో లక్ష్మణ్‌పూర్ దగ్గర సముద్రం తొలిచిన రాతి వంతెన ఒకటుంది. అక్కడికి మాత్రం పాటు మీదే వెళ్ళాలి, పోటు మీద దారి మునిగిపోతుంది. దారంటే దారి కాదు, పాచిపట్టిన పగడపు రాళ్ళు. మావారు ఒకసారి చూసి, ఒడ్డున చెట్టుకింద మొద్దు మీద కూర్చుండిపోయారు. "నువ్వు వెళ్ళి చూసిరా" అన్నారు. మేము వెళ్ళమన్నాం. "ఇద్దరం చూడకపోతే ఇంటికెళ్ళి చెప్పేదెవరు?" అన్నారు. మేమొక్కరమే వెళ్ళాం. గైడు అబ్బాయి చేయి పట్టుకుని, రాళ్ళ మధ్య గుంటల్లో సముద్రపు దోసకాయలూ, రంగురంగుల చేపపిల్లలూ చూస్తూ, నాలుగడుగులకొకసారి వెనక్కి తిరిగి చూస్తూ. 40 ఏళ్ళలో ఆయన రైలు వెళ్ళిపోతే చూస్తూ నిలబడినవాళ్ళం మేము. ఈసారి ఆయన కూర్చుని చూస్తున్నారు. దూరంనుంచి ఆయన తెల్లచొక్కా కనిపిస్తూనే ఉంది. ఆ వంతెన ఎలా ఉందని ఎవరైనా అడిగితే, సరిగా చూశామని చెప్పలేం.

మరునాడు గాలి లేచింది. మధ్యాహ్నం బోటు రద్దు. 2016 డిసెంబరులో వాయుగుండం పట్టి ఈ రెండు దీవుల్లో వందలమంది చిక్కుకుపోతే నౌకాదళం వచ్చి తీసుకువెళ్ళింది. లాడ్జిలో అందరూ ఆ సంగతే చెప్పుకుంటుంటే మాకు నిద్ర పట్టలేదు. మావారి మాత్రలు లెక్కపెట్టుకున్నాం. నాలుగు రోజులకు అదనంగా తెచ్చాం గనుక గండం లేదు. విమానానికి ఒకరోజు ఎడం ఉంచుకున్నాం కూడా. ఇదీ వెళ్ళేవారికి మా మాటే: చివరి బోటుకూ విమానానికీ మధ్య ఒక ఖాళీ రోజు ఉంచుకోండి, మందులు పెట్టెలో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి.

తెల్లవారి బోటు వచ్చింది. రెండు బోట్ల జనం ఒక్క బోటుకు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న పసిబిడ్డను ఎత్తుకుని ఒక తల్లి పెద్దాసుపత్రికి బయలుదేరింది. ఎవరూ చెప్పకుండానే వరుసంతా పక్కకు తప్పుకుంది. సామాన్లు ఒక్కచేతి నుంచి ఇంకో చేతికి అందుకుంటూ వెళ్ళాయి. మావారు ఎక్కారు, ముందుగా కర్ర ఇచ్చి, తర్వాత తనంతట తానే మణికట్టు చాచి. ఎక్కినవారు లోపలికి పోవాలి కదా, పోలేదు. ఒక చేయి కమ్మీకి మెలిపెట్టి, కుడిచేయి బయటికి చాచి నిలబడ్డారు. మా వెనకాల బెంగాలీ ముసలమ్మ, ఆ వెనక ఇంకెవరో. బోటువాళ్ళు లోపలికి వెళ్ళమని హిందీలో కేకలేస్తున్నారు. ఆయన వినిపించుకోలేదు. బోటు లేచేదాకా ఆగడం, లేవగానే లాగడం. ముగ్గురిని ఎక్కించాక గానీ వచ్చి కూర్చోలేదు.

విమానం అందుకున్నాం. చెన్నైలో చక్రాల కుర్చీ తీసుకుని ఒక తమిళ కుర్రవాడు వచ్చి చేయి అందించాడు. మావారు ఆ చేయి పట్టుకుని, "పోటా, పాటా?" అని అడిగారు. పాపం ఆ అబ్బాయికి అర్థం కాలేదు.