లస్కరుకు చెప్పని మడి

బాన్సువాడలో కూర్చుని హైదరాబాదు కంపెనీకి ఉద్యోగం చేయడంలో ఒక సుఖమూ, ఒక కష్టమూ ఉన్నాయి. సుఖం, రెండు పూటలా అమ్మ చేతి వంట. కష్టం, "ఇంతకూ నీ పని ఏంది?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉండడం.

2020 మార్చిలో లాక్‌డౌన్ నాడు ఒక సంచీ, ఒక ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి మా ఇంటి మేడగదిలో దిగాను. లాక్‌డౌన్ పోయింది, నేను మాత్రం దిగిన గదిలోనే ఉండిపోయాను. అద్దె లేదు, ట్రాఫిక్ లేదు. కాని పగలల్లా ఇంటిపట్టున ఉండే మొగపిల్లవాడి మీద వాడకట్టులో అనుమానం పుట్టడం సహజం. మా బాపుకే పుట్టింది.

"కంప్యూటర్ల ఏం చేస్తవురా?"

"వెబ్‌సైట్లు కడత, బాపూ."

"ఎన్ని కట్టినవు?"

"ఏడు."

"ఏడు కట్టెతందుకు ఇన్నేండ్లా?"

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనతో లెక్కల్లో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. ఏడు కట్టడం పెద్ద పని కాదు, ఏడింటినీ నిలబెట్టడమే పని అని చెప్పడానికి నాకు చాలాకాలం పట్టింది.

మా కంపెనీ మందులు ఇంటికి చేరవేస్తుంది. కొనేవారికి ఒక సైటు, దుకాణదారులకు ఒకటి, మందులు మోసుకెళ్ళే కుర్రవాళ్ళకు ఒకటి, లెక్కలు చూసే ఆఫీసుకు ఒకటి, ఇలా ఏడు. జనం కంటికి కనబడే ఈ భాగాన్ని మావాళ్ళు ఫ్రంటెండ్ అంటారు. మొదట్లో ఏడు సైట్ల కోడునూ ఏడు రిపాజిటరీలలో దాచేవాళ్ళం. రిపాజిటరీ అంటే, కోడును దాని పుట్టుపూర్వోత్తరాలతో సహా దాచిపెట్టే గుమ్మి అనుకోండి. అన్నదమ్ములు వేరుపడి ఎవరి గుమ్మి వారు పెట్టుకున్నట్టే.

వేరు కాపురాల కష్టం త్వరలోనే తెలిసివచ్చింది. పుట్టిన తేదీ రాసే గడి ఒకటి ఏడు సైట్లలోనూ ఉంది. మొదట రాసినదాన్ని తతిమ్మావాళ్ళు నకలు తీసుకున్నారు. అందులో తేదీ, నెలా తారుమారయ్యే తప్పు ఒకటి బయటపడింది. ఆరింట్లో దిద్దాము. ఏడోదాన్ని మరిచాము. మరిచిన సంగతి మూడు నెలల తర్వాత తెలిసింది.

"అన్నిటినీ ఒకే గుమ్మిలో పోద్దాం" అన్నాను నేను. దీనికి మోనోరెపో అని పేరు. ఇది నా సొంత తెలివేమీ కాదు. గూగుల్‌వాళ్ళు ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నారని రాచెల్ పోట్విన్, జోష్ లెవెన్‌బర్గ్ అనే అక్కడి ఇంజనీర్లు 2016లో ఒక వ్యాసం రాశారు. 2015 జనవరి నాటికే ఆ ఒక్క గుమ్మిలో 200 కోట్ల పంక్తుల కోడు, మొత్తం 86 టెరాబైట్లు ఉన్నదట. అంత ఇంట్లో వాళ్ళు కలిసి బ్రతుకుతుంటే మేము ఏడుగురం బ్రతకలేమా!

కలిపాము. తేదీ గడి ఒక్కటే మిగిలింది. ఒకచోట దిద్దితే ఏడుచోట్లా దిద్దినట్టే. అందరమూ సంతోషించాము, ఆ సంతోషం వారం రోజులు నిలిచింది.

ఎందుకంటారా? ఒక సైటులో ఒక కామా మార్చినా, దానివల్ల ఎవరికి ఏ చేటు మూడుతుందో ఎవరికీ తెలియదు. తెలియదు కనుక ఏడు సైట్లనూ మళ్ళీ కట్టి, ఏడింటినీ మళ్ళీ పరీక్షించాలి. నలభై నిమిషాలు! కామా మార్చిన మనిషి టీ తాగి, పేపరు చదివి, కునుకు తీసి వచ్చినా యంత్రం ఇంకా తిరుగుతూనే ఉండేది.

అప్పుడు తగిలించాను ప్లగిన్‌ను. ఉన్న పనిముట్టుకు అదనంగా తగిలించుకునే చిన్న పనిముట్టే ప్లగిన్. మేము ఎంచుకున్న అసలు పనిముట్టు పేరు ఎన్‌ఎక్స్. గూగుల్‌లో యాంగ్యులర్ మీద పనిచేసి బయటికి వచ్చిన జెఫ్ క్రాస్, విక్టర్ సావ్కిన్ పెట్టిన సంస్థ దాన్ని తయారుచేసింది. మా సైట్లను వీట్ అనే సాధనంతో కడతాం కనుక, దానికి సరిపోయే ప్లగిన్‌ను జతచేశాను. అది ఒక్కొక్క ప్రాజెక్టులో ఉన్న అమరిక ఫైలును చదువుకుని, ఇక్కడ కట్టే పని ఉంది, ఇక్కడ పరీక్షించే పని ఉంది అని తానే గ్రహిస్తుంది. ఎవరి కోడు ఎవరు వాడుకుంటున్నారో ఎన్‌ఎక్స్ పటం గీస్తుంది. తేదీ గడి ముట్టుకుంటే ఏయే సైట్లు కదులుతాయో ఆ పటంలో కనబడుతుంది. కదిలినవాటినే మళ్ళీ కడుతుంది.

దానికి ఇంకొక గుణం ఉంది, జ్ఞాపకం. ఒక పనికి కావలసిన సరుకంతా కలిపి వేలిముద్ర వంటి సంఖ్య ఒకటి కడుతుంది. ఆ ముద్ర మారలేదంటే పని మళ్ళీ చేయదు. మునుపు చేసిపెట్టిన ఫలితాన్నే తీసి చేతిలో పెడుతుంది. నలభై నిమిషాల పని మూడు నిమిషాలకు దిగింది.

ఇదంతా ఒక సాయంత్రం బాపుకు వివరించాను. ఆయన చుట్ట ఆర్పి, "అంటే మన లస్కరు లెక్కన్న మాట" అన్నాడు.

లస్కరంటే బయటి పాఠకులకు తెలియకపోవచ్చు. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ నీళ్ళే మా పొలాలకు ఆధారం. ఆ కాలువల తూములు ఎత్తేవాడూ, దించేవాడూ లస్కరు. ఏ తూము ఎత్తితే ఏ మడి తడుస్తుందో, ఎవరి వంతు ఎప్పుడో అతనికి కంఠతా వచ్చు. పొద్దున తడిసిన మడికి మళ్ళీ సాయంత్రం నీళ్ళు వదలడు.

ఇంత పెద్ద సంగతిని ఒక్క ముక్కలో తేల్చినందుకు నాకు కించిత్తు చిన్నతనంగా అనిపించింది కూడా. కథ అక్కడితో అయిపోతే ఈ వ్యాసం రాయవలసిన పనే లేదు.

మొన్న వానాకాలంలో కంపెనీ సహాయకేంద్రం ఫోన్ నంబరు మారింది. ఆ నంబరు మా కోడులో ఉండదు. సైటు కట్టే సమయంలో బయటినుంచి అందిస్తాము. మావాళ్ళు దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటారు. రాత్రి పది గంటలకు కొత్త నంబరు అందించి, కట్టమని ఆజ్ఞ ఇచ్చాను. క్షణంలో పచ్చటి అక్షరాలతో పని పూర్తయిందని వచ్చింది. ఆహా ఎంత వేగం అనుకుని పడుకున్నాను. అంత వేగం ఎందుకు వచ్చిందని అనుమానించలేదు.

పొద్దున ఏడింటికి బాపు మెట్లెక్కి వచ్చాడు. ఒక చేతిలో మాత్రల అట్ట, ఒక చేతిలో ఫోను.

"అమ్మకు బీపీ గోలీలు అయిదువి రావాలె. పదివి వచ్చినయి. అడుగుదామంటే మీ నంబరు పనిచేస్తలేదు."

"వేసుకుందా?" అని లేచి నిలబడ్డాను.

"లేదు. అట్ట మీద చదివి ఆపిన."

మంచం మీద కూలబడి కంప్యూటరు తెరిచాను. ఏడు సైట్ల మీదా పాత నంబరే. ఫైళ్ళలో అక్షరం మారలేదు కనుక ముద్ర మారలేదు. ముద్ర మారలేదు కనుక నిన్నటి పేజీలనే తీసి ఇచ్చింది. జ్ఞాపకాన్ని పక్కకు పెట్టి అన్నీ కొత్తగా కట్టమని, పది నిమిషాల్లో సరిచేశాను. కాని పాత నంబరు అర్ధరాత్రే ఆగిపోయింది. ఏడు గంటల సేపు ఎవరు ఫోను చేసినా పలికే దిక్కు లేదు. మా అమ్మకు అట్ట మీది అంకె చదివే లెక్కల మాస్టారు ఉన్నాడు, మేడ మీద కొడుకున్నాడు. ఆ రాత్రి ఇంకెంతమంది అమ్మలు ఏ మాత్ర చేతిలో పట్టుకుని ఆ నంబరు తిప్పారో నాకు తెలియదు.

కంపెనీకి సంజాయిషీ రాయాలి. "పనిముట్టు పాత ఫలితాన్ని ఇవ్వడంవల్ల పొరపాటు జరిగింది" అని మొదటి వాక్యం రాశాను. అబద్ధం కాదు. బాపుకు చదివి వినిపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

"నువ్వు పుట్టకముందు, పొలం మూలకు బీడుగున్న నాలుగు గుంటలు చదును చేసి మడి కట్టిన. కాలువకెళ్ళి చిన్న పైపు వేసి నీళ్ళు మలుపుకున్న. లస్కరుకు చెప్పలె. ఉన్న మడులన్నీ తడిసినయని ఆయన తూము దించిండు. వరి పొట్ట మీదున్నది. ఎండిపోయింది. కొట్లాడుదామని పోయిన. 'సారూ, చెప్పిన మడికి నీళ్ళు ఇడిసిన. చెప్పని మడి నాకెట్ల ఎరుక?' అన్నడు. నేను ఇంటికొచ్చిన."

ఇంకేమీ అనలేదు. కిందికి వెళ్ళి అట్ట మార్పించడానికి చొక్కా తొడుక్కున్నాడు.

ఎన్‌ఎక్స్‌లో, ఒక పని దేనిమీద ఆధారపడుతుందో రాసే జాబితా ఒకటి ఉంటుంది. ఫైళ్ళను అది చూసుకుంటుంది. బయటినుంచి వచ్చే విలువ ఉన్నదని మనం రాసి చెప్పాలి. ఒక్క పంక్తి. ఆ పంక్తి నేను రాయలేదు. వేగం చూసి మురిసిపోయి, ఎవరికి ఏది చెప్పాలన్న విచారమే మానుకున్నాను. కలిసి ఉన్న ఇంట్లో మరుపు కూడా ఉమ్మడిదే అవుతుంది: అప్పుడు ఒక్క సైటులో జరిగిన తప్పు ఇప్పుడు ఏడింట్లో జరిగింది.

సంజాయిషీ చించి మళ్ళీ రాశాను. "చెప్పవలసినది నేను చెప్పలేదు" అని మొదలుపెట్టాను. జాబితాలో ఆ పంక్తి చేర్చాను. తర్వాత రెండు రోజులు కూర్చుని, చెప్పకుండా వదిలేసినవి ఇంకేమైనా ఉన్నాయా అని వెతికితే మరి మూడు దొరికాయి.

అమ్మ మాత్రలు మారి వచ్చాయి. బాపు ఇప్పుడు నా ఉద్యోగం సంగతి ఎవరడిగినా, "కాలువ పని" అని చెబుతున్నాడట. రాత్రి పది గంటలకు మేడ మీద దీపం కనబడితే మాత్రం కిందినుంచి ఒక కేక వేస్తాడు.

"లస్కరుకు అన్నీ చెప్పినవారా?"