రెండు తీగల ముచ్చట

మా యింటి కారు గడచిన వైశాఖములో నడిత్రోవ నాగిపోయిన సంగతి మా బంధువులందరకు తెలిసినదే. అది యేల ఆగెనో, మరల నెట్లు కదలెనో యనునది మాత్రము పెక్కుమందికి తెలియదు. ఆ భాగమును వ్రాయవలెనని కొన్ని మాసములనుండి మా మనసున నున్నది. ఇందు యంత్రశాస్త్రము కొంత కలదు. అంతమాత్రమున సోదరీమణులు పుట త్రిప్పివేయకుందురుగాక. కుట్టుమిషనులో దారమెక్కించుట యెరిగినవారికి ఇది తెలియరాని విద్య కాదని మేము అనుభవముమీద చెప్పుచున్నాము.

మావారికి నిరుడు పక్షవాతము తగిలి కుడికాలు, కుడిచేయి పట్టు తప్పినవి. మాటయు తడబడెను. వారమునకు మూడుమార్లు పెద్దాపురమునుండి కాకినాడకు వ్యాయామచికిత్సకై వారిని తీసికొనిపోవలసి యున్నది. బస్సెక్కుట వారికి దుర్భరము. అందుచేత ఏబదియైదవయేట మేము కారు నడుపుట నేర్చుకొంటిమి. నలుగురును నవ్విరి. నవ్వినవారిలో మేమును ఉంటిమి.

ఆనాడు సామర్లకోట దాటిన కొంతసేపటికి, మా యెదుటి పలకపై నొక్కసారిగా ఆరేడు దీపములు వెలిగినవి. వేగము చూపు ముల్లు సున్నకు జారిపోయెను. కారు మాత్రము పోవుచునే యుండెను! పోవుచున్న కారే తాను పోవుట లేదని చెప్పిన నెవరికి భయము పుట్టదు? మేము ప్రక్కకు తీసి ఇంజను ఆపితిమి. పిమ్మట నెన్నిమార్లు మీట త్రిప్పినను అది మేలుకొనలేదు. అచ్చట చెట్టునీడయైన లేదు. మావారు చెమటతో తడిసిపోవుచు, మాట కూడదీసికొని, “భయపడకు” అని మాకే ధైర్యము చెప్పిరి. ఒక ఆటోలో వారిని ఇల్లు చేర్చి, కారును లాగించి వర్క్‌షాపునకు పంపితిమి.

రెండవనాడు వర్క్‌షాపు యజమాని కబురు చేసెను. ఇంజను కంప్యూటరు కాలిపోయినదట. క్రొత్తది 48,000 రూపాయలట. వచ్చుటకు రెండు వారములు పట్టునట. “కాలిపోయినదని యెట్లు తెలిసినదండీ?” అని అడిగితిమి. “మా పరీక్షయంత్రమునకు అది జవాబు చెప్పుట లేదమ్మగారూ, అసలు కనబడుటయే లేదు” అనెను. ఆ సొమ్ము చికిత్సకై దాచినది. రెండు వారములు చికిత్స ఆగిన నింతవరకు వచ్చిన పట్టు మరల పోవునేమో యని వేరొక బెంగ. ఆ రాత్రి నిదుర పట్టక, చెన్నపట్నములో నున్న మా అక్కగారి కుమార్తెకు ఫోను చేసితిమి.

ఇచ్చట ఒక పాత సంగతి చెప్పక తప్పదు. ఆ పిల్ల పదవ తరగతి ముగించి పాలిటెక్నిక్కులో ఎలక్ట్రానిక్సు చదివెదనని పట్టుపట్టినప్పుడు, మా అక్క మమ్మే సలహా యడిగెను. “ఆడుపిల్లకు ఆ తీగల పని యేల? ఉపాధ్యాయశిక్షణలో చేర్పింపుము” అని మేము గట్టిగా చెప్పితిమి. తండ్రి ఆమె పక్షమున నిలువబట్టి సరిపోయినది గాని లేకున్న మా మాటయే చెల్లియుండెడిది. తరువాత రెండేండ్లు ఆమె మాతో ముక్తసరిగా తప్ప మాటలాడలేదు. ఇప్పుడామె వాహనముల ఎలక్ట్రానిక్సు పనిలోనే యున్నది. మేము ఫోనులో చెప్పినదంతయు విని ఆమె అనిన దొకటే మాట. “పిన్నీ, కనబడకపోవుట వేరు, కాలిపోవుట వేరు. శనివారము వచ్చెదను. అంతవరకు దేనికిని ఒప్పుకొనకుము.”

శనివారము రాత్రి భోజనములైన పిదప, మావారి మంచము ప్రక్క కూర్చుండి ఆమె చెప్పిన విషయమును మాకు బోధపడినంతవరకు వ్రాయుచున్నాము.

నేటి కారులో కంప్యూటరు ఒకటి కాదు, అనేకములు. ఇంజనున కొకటి, బ్రేకుల కొకటి, స్టీరింగున కొకటి, ఎదుటి పలక కొకటి. చక్రము వేగమును బ్రేకుల పెట్టె కొలుచును. దానిని పలకకు చెప్పవలెను, ఇంజనునకును చెప్పవలెను. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క తీగ చొప్పున వేసిన, తీగల మోపు కారంత యగును. కాబట్టి అందరును ఒకే త్రోవన, ఒక అంకె తరువాత నొక అంకెగా, వరుసగా మాటలాడుదురు. పూసలు దారమున గ్రుచ్చినట్లు ఒకటి వెనుక నొకటి పోవుటచే దీనిని సీరియల్ పద్ధతి యందురు. ఆ యుమ్మడి త్రోవ పేరు బస్సు. ఆ పేరు వినగానే మా మనసు కాకినాడ బస్సుమీదికి పోయెను. అది పొరపాటు కాదట. రెండును ‘అందరికొరకు’ అను లాటిను మాటనుండి పుట్టినవేయట.

జర్మనీలోని బాష్ కంపెనీవారు 1983లో ఈ పని మొదలిడి, 1986 ఫిబ్రవరిలో అమెరికాలోని డెట్రాయిటు నగరమున ఇంజనీర్ల సభలో దీనిని ప్రకటించిరి. దీని పేరు క్యాన్. 1987లో దీనికి తగిన చిప్పులు వచ్చినవి. 1991లో మెర్సిడిస్ పెద్దకారులో దీనిని పెట్టిరి. 1993లో అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. నేడు చిన్న కారులలోను ఇదియే.

ఒకే త్రోవన ఇద్దరు ఒక్కసారి నోరు విప్పిన నేమగును? పెండ్లి యింట మనకు తెలియనిదా! కాని క్యాన్‌లో జరుగునది చాల ముచ్చటగా నుండును. ప్రతి సందేశమునకు ముందు ఒక సంఖ్య యుండును. మాటలాడువారు ఆ సంఖ్యను ఒక్కొక్క అంకెగా పలుకుచు, తీగమీద వినవచ్చునదానిని కూడ చెవి యొగ్గి వినుచుందురు. అంకెలు రెండే, సున్న, ఒకటి. ఒకడు సున్నయు, మరియొకడు ఒకటియు ఒక్కసారి పలికిన, తీగమీద సున్నయే నిలుచును. ‘నేను ఒకటి యంటిని, సున్న వినబడుచున్నది’ అని గ్రహించినవాడు తత్‌క్షణమే మౌనము వహించును. గెలిచినవాని మాటకు అక్షరమైన చెడదు. అతడు మరల మొదటినుండి చెప్పనక్కర లేదు. ఓడినవాడు ఆ సందేశము ముగిసిన పిమ్మట తిరిగి ప్రయత్నించును. చిన్న సంఖ్యకు గెలుపు గనుక, అవసరమైన మాటలకు చిన్న సంఖ్యలు ఇత్తురు. ఇంతయు పెద్దమనిషి లేకుండ జరుగుట మాకు అన్నిటికంటె వింతగా తోచినది.

అంతేకాదు. తప్పుగా పలుకువాడు తన తప్పులను తానే లెక్కించుకొనవలెను. పంపుటలో తప్పు జరిగిన సాధారణముగా ఎనిమిది కలుపుకొనును, సరిగా పంపిన ఒకటి తీసివేసికొనును. లెక్క 255 దాటినచో తానే త్రోవనుండి తప్పుకొనును. ఈ యేర్పాటు కొన్ని కుటుంబములలో కూడ నుండిన బాగుండునని మేము అనగా, మావారు నవ్విరి.

తీగలు మాత్రము రెండు. రెంటికిని ఒకే మాట. ఊరకున్నప్పుడు రెంటిలోను సుమారు 2.5 వోల్టులు. సున్న పలుకునప్పుడు ఒకటి 3.5కు లేచును, రెండవది 1.5కు దిగును. వినువారు ఆ తేడానే చూతురు. కారులో నిప్పురవ్వ పుట్టించు సామగ్రి విద్యుత్తు రొద చేయుచుండును. ఆ రొద జడవలె పెనవేసిన రెండు తీగలమీదను సమానముగా పడును. గోదావరిలో పడవపై నిలిచిన ఇద్దరిలో నెవరు పొడవో, అల యెంత లేచినను మారదు గదా. అట్లే తేడా నిలిచియుండును.

తీగ చివరకు చేరిన మాట ప్రతిధ్వనించి వెనుకకు రాకుండ, రెండు కొసలయందు 120 ఓముల నిరోధకములు రెండు పెట్టుదురు. ఈ రెండును కలిపి కొలిచిన 60 ఓములు చూపవలెను. సోదరీమణులు ఈ 60ని గుర్తుంచుకొందురుగాక, మా కథ యంతయు దీనిమీదనే తిరిగినది.

కిటికీ అద్దములవంటి తొందరలేని పనులకు లిన్ అని ఒంటితీగ త్రోవ వేరే కలదు. అందు ఒకరు అడిగిననే తక్కినవారు పలుకుదురు. పెట్టె లోపల ప్రాసెసరునకును దాని చుట్టునున్న చిన్న చిప్పులకును నడుచు మాట మరియొక తీరు. ఆమె తన సంచిలోని పచ్చని పలక యొకటి తీసి చూపెను. నడుమ ప్రాసెసరు, ప్రక్కన వేడిని కొలుచు చిన్న చిప్పు, మధ్య నాలుగు సన్నని గీతలు. ఒకటి తాళము వేయును, ఒకటి పోవు మాటకు, ఒకటి వచ్చు మాటకు, నాలుగవది ‘నిన్నే పిలుచుచున్నాను’ అనుటకు. దీనిని ఎస్‌.పి.ఐ. అందురు. ఇందు వాదములు లేవు. ప్రాసెసరు తాళము వేయనిదే చిప్పు నోరు మెదపదు. మాకు మన పాత అత్తగారిండ్లు జ్ఞప్తికి వచ్చినవి గాని, ఆమె ఉత్సాహమున కడ్డు చెప్పలేదు.

క్యాన్‌కు లోపము లేకపోలేదు. సందేశములో పంపినవాని గుర్తింపును రుజువు చేయు ఏర్పాటు లేదు. 2015లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు దూరమునుండి ఒక జీపు లోపలి త్రోవలో చొరబడి దానిని లోబరచుకొని చూపగా, 14 లక్షల బండ్లను సవరణకై పిలువవలసివచ్చెను.

ఆదివారము ఉదయము వర్క్‌షాపునకు పోయితిమి. యజమాని చిరునవ్వు నవ్వెను. అచ్చటి కుర్రవాడొకడు మాత్రము పనిమాని మావెంట వచ్చెను. ఆమె బాటరీ తీగ ఊడదీసి, కొంతసేపు ఆగి, స్టీరింగు క్రింద పదునారు రంధ్రముల కొక్కెములో 6వ దానిని, 14వ దానిని మల్టీమీటరు ముల్లులతో తాకెను. 120 చూపెను. “పిన్నీ, ఒక కొస తెగియున్నది” అనెను. ఈ కారులో ఒక కొస నిరోధకము పలక వైపునను, రెండవది ఇంజను పెట్టెలోను కలవు. ఆమె ఇంజను పెట్టె కొక్కెమును ఊడబెరికి మరల చూచెను. అప్పుడును 120. తీసినను లెక్క మారలేదనగా, అది అంతకుముందే లెక్కలో లేదన్నమాట. పిమ్మట ఆ పెట్టె కాళ్లమీదనే కొలిచెను. అచ్చట 120 చక్కగా నున్నది. “పెట్టె చెడిన గుర్తు లేదు. దాని మాట బయటికి పోవుటలేదు. అంతే” అనెను.

ఇక వెదకుట తీగల దారి. బాటరీ పళ్లెము వెనుక, మోపు లోపలికి దూరుచోట, నల్లని చుట్టుపట్టీ కొరికివేయబడి యున్నది. ఎలుక పెంటికలును కనబడెను. పెనవేసిన జంటలో ఒక తీగ తెగి, రాగి పోగులు పైకి లేచియున్నవి. కుర్రవాడు “అమ్మ బాబోయ్!” అనెను. 48,000 రూపాయలు ఆ పోగుల నడుమ నున్నవి! అతుకు వేసి, తొడుగు తొడిగి, మరల జడ పేనువరకు పావుగంట పట్టినది. మీటరు పెట్టగా 60. బాటరీ తగిలించి మీట త్రిప్పగా ఇంజను లేచెను, దీపములన్నియు ఆరినవి. యజమాని మోసగించెనని మేము అనము. జవాబు రాకున్న చచ్చినట్లే యని తలచెను, అంతే. కాని వినబడని దేదో వెదకకుండనే వెల చెప్పుట మాకు నచ్చలేదు.

సోమవారము మావారిని చికిత్సకు తీసికొనిపోయి, ఆ త్రోవలోనే ఆమెను సామర్లకోట స్టేషనులో దిగబెట్టితిమి. పాలిటెక్నిక్కు నాటి మాట ఎత్తవలెనని దారిపొడుగున తలచి, ప్లాటుఫారముమీద నెట్టకేలకు “అమ్మాయీ, ఆనాడు మేము...” అని మొదలిడితిమి. ఆమె మా చేతిలో మల్టీమీటరు పెట్టి, “ఇది నీయొద్దనే యుంచుము పిన్నీ. కొట్టములో ఎలుకలబోను మరువకుము” అని రైలెక్కెను.

నెల కొకమారు బాటరీ తీగ ఊడదీసి మేమే కొలుచుచున్నాము. ముల్లులు మేము పట్టుకొందుము, అంకె మావారు చూచెదరు. మొదట వేలితో చూపెడివారు. మొన్న “అరవై” అని పైకి చదివిరి.