ముగ్గురున్న ‘ఐదుగురు’

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం తమ్ముళ్లు అడిగారు. “అన్నా, పోటీ పరీక్షలకు ఎలా చదవాలో రాయి” అన్నారు. ఆ విషయం నాకంటే బాగా రాయగల అన్నలు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఒక పాటల ఆల్బం గురించి రాస్తాను. అదీ అమెరికా వాళ్ల ఆల్బం. పియానో మీద వాయించిన రాక్ పాటలు. “పీజీకి పోయాక వీడికి బాగా ఎక్కువైంది” అని అప్పుడే నవ్వకండి. చివరిదాకా చదివి అప్పుడు నవ్వండి.

నేను ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేనే. యూనివర్సిటీలో నా రూమ్మేట్‌ది షిల్లాంగ్. వాళ్ల ఊళ్లో రాక్ సంగీతం అంటే మన దగ్గర క్రికెట్ ఎంతో అంత. అతనికి తెలుగు రాదు, నాకు ఖాసీ రాదు, ఇద్దరి ఇంగ్లీషూ అంతంతే. అందుకని మొదటి నెలంతా మా మధ్య మాటలకంటే పాటలే ఎక్కువ నడిచాయి. నేను అతనికి గద్దర్ పాటలు వినిపించాను. అతను నాకు ‘బెన్ ఫోల్డ్స్ ఫైవ్’ అనే బ్యాండు 1997 మార్చిలో విడుదల చేసిన ‘వాటెవర్ అండ్ ఎవర్ ఆమెన్’ ఆల్బం వినిపించాడు.

ఆ బ్యాండు పేరులోనే తమాషా ఉంది. ఫైవ్ అంటే ఐదు కదా, ఉన్నది ముగ్గురే! పియానో వాయిస్తూ పాడేది బెన్ ఫోల్డ్స్, బేస్ గిటారు రాబర్ట్ స్లెడ్జ్, డ్రమ్స్ డారెన్ జెస్సీ. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని చాపెల్ హిల్ అనే ఊళ్లో 1993లో మొదలుపెట్టారు. ముగ్గురుండి ఐదుగురని ఎందుకు పెట్టుకున్నారంటే, వినడానికి బాగుంటుందనేనట. మన హాస్టల్లో లెక్క దీనికి తలకిందులు. రిజిస్టరులో గదికి నలుగురని రాసి ఉంటే లోపల ఎనిమిదిమంది పడుకునేవాళ్లం!

రాక్ బ్యాండు అనగానే మనకు గుర్తొచ్చేది గిటారు. వీళ్ల దగ్గర మామూలు గిటారే లేదు. మరి పాట నిండుగా ఎలా వినపడుతుంది? మూడు నాలుగుసార్లు విన్నాక నాకు అర్థమైంది. ఫోల్డ్స్ పియానోను సుతారంగా మీటడు. డ్రమ్ము కొట్టినట్టు కొడతాడు. అతను మొదట నేర్చుకున్న చదువు కూడా డ్రమ్సే. మయామీ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ మీద డ్రమ్స్ చదవడానికి చేరి, డిగ్రీ పూర్తికాకుండానే బయటికొచ్చాడు. ఇక స్లెడ్జ్ తన బేస్ గిటారు ధ్వనిని బొంగురుగా, గరగరమనేట్టు మార్చి, గిటారు ఉండాల్సిన జాగాను తానే నింపుతాడు. దానిమీద ముగ్గురూ గొంతులు కలుపుతారు. తక్కువమంది ఉన్నచోట ఒక్కొక్కరూ రెండు పనులు చేస్తారు. ఇది మన ఇళ్లల్లో తెలియనిది కాదు.

తొలిరోజుల్లో వీళ్లు ఊరూరా తిరుగుతూ పెద్ద చెక్క పియానోను వ్యానులో వేసుకుని, తామే ఎత్తి స్టేజీ మీదకు చేర్చుకునేవాళ్లు. మోయడానికి వేరే మనుషుల్లేరు. తేలికైన ఎలక్ట్రిక్ కీబోర్డు తీసుకెళ్లొచ్చు కదా అంటే, ఆ చప్పుడు వేరు, ఈ చప్పుడు వేరు. కచేరీ వేడెక్కాక ఫోల్డ్స్ తాను కూర్చున్న స్టూలునే తీసి పియానో మెట్ల మీదకు విసిరేవాడు. మొదటిసారి ఆ వీడియో చూసినప్పుడు, అంత ఖరీదైన వస్తువును అలా కొడతాడేంటని నాకు ప్రాణం విలవిల్లాడింది. పియానో అంటే పాత సినిమాల్లో జమీందారు గారి బంగళాలో మెట్ల పక్కన ఉండేదే మనకు తెలుసు. హీరో కోటు వేసుకుని దాని ముందు కూర్చుంటాడు, హీరోయిన్ దానికి ఆనుకుని నిలబడుతుంది. అది ఉన్నవాళ్ల వస్తువు. మన పేటలో దాన్ని ముట్టుకున్నవాడు ఒక్కడూ లేడు.

కానీ ఫోల్డ్స్ ఇంటికి పియానో ఎలా వచ్చిందో తెలిశాక నా ఆలోచన మారింది. వాళ్ల నాన్న వడ్రంగి. ఆయన దగ్గర పని చేయించుకున్న ఒకాయన డబ్బు కట్టలేక, దానికి బదులుగా పియానో ఇచ్చాడు. అప్పటికి బెన్‌కు తొమ్మిదేళ్లు. మా నాయిన తాపీమేస్త్రీ. ఒక ఇంటికి గోడలు ప్లాస్టరింగ్ చేస్తే, ఆ ఇంటాయన డబ్బు సగమే ఇచ్చి, మిగతా సగానికి పాత సీలింగ్ ఫ్యాను చేతిలో పెట్టాడు. అది తిరిగినంతసేపూ టకటకమనేది. ఆ చప్పుడు కిందే నేను పదో తరగతి చదివాను. కూలి బదులు వస్తువు వచ్చే ఇళ్లు అమెరికాలో కూడా ఉన్నాయని అప్పుడే తెలిసింది. ఒకరికి పియానో వచ్చింది, ఒకరికి ఫ్యాను వచ్చింది. తేడా చిన్నదని నేననను. అయితే ఆ పియానో జమీందారు బంగళాది కాదని మాత్రం తెలిసిపోయింది.

ఇంకో సంగతి. ఈ ఆల్బంను విడుదల చేసింది సోనీ కంపెనీకి చెందిన 550 మ్యూజిక్ అనే సంస్థ. అంత పెద్ద కంపెనీ వెనక ఉన్నా, వీళ్లు అద్దాల గదుల స్టూడియోకు పోకుండా చాపెల్ హిల్‌లో ఒక ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకున్నారు. నిర్మాత కేలెబ్ సదరన్. ఇల్లు కాబట్టి ఇంటి చప్పుళ్లూ టేపులోకి వచ్చేశాయి. బయట కీచురాళ్లు అరుస్తుంటాయి. ‘స్టీవెన్స్ లాస్ట్ నైట్ ఇన్ టౌన్’ పాట మధ్యలో ఫోను మోగుతుంది. దాన్ని తీసేయలేదు, అలాగే ఉంచేశారు. అభిమానులకు ఆ ఫోను మోత ఎక్కడొస్తుందో కంఠతా వస్తుంది. దానికోసం ఎదురుచూస్తారు. ఇప్పుడు నేనూ చూస్తాను. మా ఫ్యాను టకటక లేకపోతే మా ఇల్లు మా ఇల్లులా ఉండదు కదా, అలాగన్నమాట.

ఇక పాటల్లోకి వస్తాను. మొత్తం 12 పాటలు. అన్నీ గొప్పవని చెప్పను. ప్రేమలో దెబ్బతిన్నవాడు ఆ అమ్మాయి మీద బూతులతో విరుచుకుపడే పాట ఒకటుంది. సరదా కోసం రాశాడని అంటారు కానీ నాకది నచ్చదు. అది వచ్చినప్పుడు ముందుకు జరిపేస్తాను. నన్ను పట్టుకున్నవి మూడు.

మొదటిది ఆల్బంలోని మొదటి పాటే. ‘వన్ యాంగ్రీ డ్వార్ఫ్ అండ్ 200 సాలెమ్ ఫేసెస్’. బడిలో పొట్టివాడని అందరూ ఏడిపించిన ఒక పిల్లవాడు పెద్దయ్యాక పేరుమోసి, ఆనాడు కొట్టినవాళ్లతో ఇప్పుడు మాట్లాడతాడు. పియానో నిప్పులు కురిపిస్తుంది. ఎం.ఏ. మొదటి సెమిస్టరులో నేను సెమినార్ చెబుతుంటే నా ఉచ్చారణకు క్లాసులో కొందరు నవ్వారు. తెలుగు మీడియం నాలుక కదా! ఆ రోజుల్లో ఈ పాట విననిదే నాకు పొద్దు గడిచేది కాదు. అయితే రానురాను ఒక తేడా కనపడింది. ఆ పిల్లవాణ్ణి పొట్టివాడని ఏడిపించారు. అతను పెద్దవాడై డబ్బు సంపాదించగానే ఆ లెక్క తీరిపోయింది. మనల్ని ఏడిపించేది మన ఎత్తు చూసి కాదు. మన ఇంటిపేరూ, మన పేటా అడిగి తెలుసుకుని మరీ ఏడిపిస్తారు. ఎంత చదివినా ఆ అడగడం ఆగదు. కాబట్టి ఆ పాట నాకు కోపానికి సరిపోయింది కానీ, కోపం తర్వాత ఏం చేయాలో అది చెప్పలేదు.

రెండోది ‘సిగరెట్’. రెండు నిమిషాలు కూడా ఉండదు. పేపర్లో వచ్చిన ఒక వార్త నుంచి తీసుకున్నది. జబ్బుపడిన భార్యకు సేవచేసి అలసిపోయిన ముసలాయన, మందుల మత్తులో ఆమె సిగరెట్టుతో ఇల్లు కాల్చేస్తుందేమోనని రాత్రిళ్లు నిద్రపోలేడు. అంతే కథ. ముగింపు లేదు, నీతి లేదు. మన ఊళ్లో ఇలాంటి మనుషులు వీధికొకరుంటారు. వాళ్ల మీద పాట కడతారని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ ముసలాయన పేరును ఫోల్డ్స్ మరిచిపోలేదు కూడా. 2001లో తాను ఒక్కడే చేసిన ఆల్బంలో అదే పేరుతో మరో పాట పెట్టాడు. అందులో ఒక పత్రికలో 25 ఏళ్లు పనిచేసిన మనిషిని చడీచప్పుడు లేకుండా ఇంటికి పంపేస్తారు.

మూడోది ‘బ్రిక్’. ఈ ఆల్బం లోకానికి తెలిసింది ఈ పాటతోనే. క్రిస్మస్ మరునాడు తెల్లవారుజామున ఒక కుర్రవాడు తన స్నేహితురాలిని గర్భస్రావం కోసం ఆసుపత్రికి తీసుకెళతాడు. ఇద్దరివీ చదువుకునే వయసులే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆమె లోపల ఉన్నంతసేపూ అతను బయట కార్ల దగ్గర పచార్లు చేస్తాడు. ఇది ఫోల్డ్స్ జీవితంలో హైస్కూలు రోజుల్లో నిజంగా జరిగినదే. చాలాకాలం అతను దాని గురించి బయట చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా, ఒక పక్షం తీసుకుని వాదించడానికి రాయలేదు, అప్పుడు మనసు ఎలా ఉందో చెప్పడానికే రాశాను అన్నాడు. పల్లవిలో ఎక్కువ భాగం డ్రమ్స్ వాయించే జెస్సీ రాసింది. ఈ పాటలో పియానోను కొట్టడు. నెమ్మదిగా, ఒకే వరుస తిప్పి తిప్పి వాయిస్తాడు.

తమ్ముళ్లూ, నాకు ఆ పాటలోని సంఘటనతో సంబంధం లేదు. నన్ను పట్టుకున్నది అందులోని మౌనం. చెప్పుకోవడానికి ఎవరూ లేని ఇద్దరు పిల్లలు, చుట్టూ పండగ. మన హాస్టల్లో ఈ మౌనం నాకు బాగా తెలుసు. ఇంటర్లో నా పక్క మంచం వాడు దసరా సెలవులకు వెళ్లి తిరిగి రాలేదు. ట్రంకుపెట్టె ఇక్కడే ఉండిపోయింది. క్లాసులో మంచి మార్కులు తెచ్చుకునేవాడు, రాత్రిళ్లు మమ్మల్ని నవ్వించేవాడు. వాళ్ల నాన్న అప్పు చేసి బోరు వేయిస్తే నీళ్లు పడలేదని, ఆ అప్పు తీర్చడానికి వాడు సెంట్రింగ్ పనికి కుదిరాడని మాకు ఏడాది తర్వాత తెలిసింది. వెళ్లేముందు రోజు కూడా వాడు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇంటికి ఫోను చేసినప్పుడు మనమంతా చెప్పేది ఏంటి? “బాగున్నానమ్మా, తిన్నానమ్మా.” అంతే కదా! అవతల నుంచి అమ్మ చెప్పేదీ అదే. రెండువైపులా దాచుకోవడమే.

అందుకే ఈ ఆల్బంకు అంత గట్టి అభిమానులు ఎందుకున్నారో నాకు నా లెక్కలో అర్థమైంది. మనుషులు బయటికి చెప్పుకోలేని సంగతుల్ని అతను గొప్పగా అలంకరించకుండా, ఫోను మోతతో సహా, ఇంట్లో కూర్చుని చెప్పినట్టు చెప్పాడు. విన్నవాడికి “ఇది నాకు కూడా జరిగింది” అనిపిస్తుంది. అలా అనిపించినవాడు ఇక వదలడు.

నిజంగానే వదల్లేదు. బ్యాండు 2000లో విడిపోయింది. 2008లో ముగ్గురూ ఒక్క కచేరీ కోసం చాపెల్ హిల్‌లో కలిసి, 1999 నాటి తమ ఆల్బం మొత్తాన్ని వరుసగా వాయించారు. 2012లో కొత్త ఆల్బం చేయాలనుకున్నప్పుడు అభిమానులే ముందుగా డబ్బు కట్టి చేయించారు. కచేరీల్లో ‘ఆర్మీ’ అనే పాట వచ్చినప్పుడు ఇంకా బాగుంటుంది. ఆ పాటలో బూరలు ఊదే భాగం ఉంది. వీళ్ల దగ్గర బూరలు ఊదేవాళ్లు లేరు. అందుకని హాల్లో జనాన్ని రెండు సగాలు చేసి, ఒక సగం ఒక బూరలా, ఇంకో సగం ఇంకో బూరలా నోటితో పాడతారు. వీడియోలో అది చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ముగ్గురికి తక్కువైన ఇద్దరు దొరికేశారు అనుకున్నాను. ఆ ఇద్దరూ వినేవాళ్లే!

ఫోల్డ్స్ 2019లో తన జీవితకథ రాశాడు. చిన్నతనంలో వచ్చిన ఒక కల పేరే దానికి పెట్టాడు. ఆ కలలో మిణుగురు పురుగులు అతనికి కనపడతాయి కానీ మిగతావాళ్లకు కనపడవు. వాటిని సీసాలో పట్టి అందరికీ చూపిస్తాడు. పాట రాయడమంటే అదేనని అతని అభిప్రాయం. మన హాస్టల్లో ఆ పురుగులకు కొదవలేదు. సీసా పట్టుకునేవాళ్లే తక్కువ. మనవాళ్లలో రాసేవాళ్లున్నారు, పాడేవాళ్లున్నారు, డప్పు కొడితే స్టేజీ అదిరిపోయేవాళ్లున్నారు. వాళ్లంతా వార్షికోత్సవం నాడు సినిమా పాటలకే పరిమితం కానక్కరలేదు. మీ గది సంగతి, మీ అమ్మ సంగతి, తిరిగిరాని మీ స్నేహితుడి సంగతి రాయండి. వెనకాల గిన్నెల చప్పుడు వినపడినా ఫరవాలేదు, ఉండనివ్వండి.

ఇంకో మాట. ఏ సంగీతమైనా, ఏ పుస్తకమైనా “ఇది మనకెందుకురా” అని ఎవరైనా అంటే వినకండి. మా నాయినకు ‘బ్రిక్’ వినిపించాను. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా చివరిదాకా విని, “పిల్లోడు ఏదో బాధలో ఉన్నాడు, ఎవరూ అడగలేదా?” అన్నాడు. మీ పక్క మంచం వాడు వారం రోజులుగా సరిగా మాట్లాడకపోతే, స్టడీ అవర్ అయ్యాక వాడి దగ్గరికెళ్లి కూర్చోండి. ఏమీ అడగడం రాకపోతే ఒక పాట వినిపించండి. ఏ భాషదైనా సరే.

 ఇప్పుడు నవ్వాలనుంటే నవ్వండి!