పాపికొండల దారిలో రెండు రకాల పడవలు

గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే ఒక బాధ్యత కూడా వస్తుంది. ఆఫీసు ఫ్రెండ్స్‌ని పాపికొండలు తీసుకెళ్లాలి! అలా ఈ జనవరిలో నేను నాలుగోసారి వెళ్లాను.

రాజమండ్రి నుంచి బస్సులో గండిపోచమ్మ గుడి దాకా వెళ్లి, అమ్మవారికి దండం పెట్టుకుని బోటెక్కాలి. ఎక్కే ముందు పేర్లు, ఆధార్, తలల లెక్క, లైఫ్ జాకెట్లు. మావాళ్లలో ఒకడు ‘ఫ్లైట్‌కి కూడా ఇంత చెకింగ్ లేదురా’ అని విసుక్కున్నాడు. నాకు మాత్రం ఆ లెక్క రెండుసార్లు చూసినందుకు నిమ్మళంగా అనిపించింది. 2019 సెప్టెంబర్ 15 మా వైపు ఎవరూ మర్చిపోలేదు మరి.

ఆ ఆదివారం గోదారిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద. అంత ప్రవాహంలో టూరిస్టు బోటు బయల్దేరింది. కచ్చులూరు దగ్గర నది మలుపు తిరిగేచోట నీళ్లు సుడులు తిరుగుతాయి. అక్కడే బోల్తా పడింది. 77 మందిలో 26 మందే బతికారు. బోటును పైకి తీయడానికి ఐదు వారాలు దాటింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఎంత కష్టపడి లాగిందో టీవీల్లో రోజూ చూశాం. అంతకుముందు 2017 నవంబర్‌లో కృష్ణలో ఇబ్రహీంపట్నం దగ్గర, 2018 మేలో ఇదే గోదారిలో మంటూరు దగ్గర పడవలు మునిగాయి. ఇన్ని జరిగాక గానీ బోటింగ్ చోట్ల 9 కంట్రోల్ రూములు పెట్టాలన్న నిర్ణయం రాలేదు.

ఇక బోటు కదిలింది. పైన డెక్కు మీద సినిమా పాటలు, డాన్సులు, మైకులో జోకులు. కొండలు దగ్గరకొచ్చి నది సన్నబడే చోట కూడా ఆ సౌండు ఆపరు. చుట్టూ ఉన్నది నేషనల్ పార్క్ అన్న సంగతి స్పీకర్లకి తెలియదు కదా! ఓ పావుగంట పాట ఆపితే కొండల నిశ్శబ్దం ఎలా ఉంటుందో జనం వింటారని నా ఆశ.

నేను కిందికొచ్చి సరంగు పక్కన నిలబడ్డాను. ఎదురుగా చిన్న నాటు పడవ. ముందు ఒకాయన తెడ్డేస్తున్నాడు, వెనకాల ఇద్దరు ఆడవాళ్లు, ఓ బియ్యం బస్తా, బడి బ్యాగుతో పిల్లాడు. ఒక్కరికీ లైఫ్ జాకెట్ లేదు. మాకిది ఒక రోజు సరదా. గట్టు మీద ఊళ్లవాళ్లకి మాత్రం ఇదే రోడ్డు. కచ్చులూరులో మునిగిపోతున్నవాళ్లని పడవలేసుకుని వచ్చి ముందుగా కాపాడింది కూడా ఇలాంటి ఊళ్లవాళ్లే.

1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టంలో ఇంజిన్ లేని పడవలకి కూడా ఒక అధ్యాయం ఉంది. స్థానికంగా వాటిని నమోదు చేయాలని. మంచిదే. కానీ తెడ్డు పడవ మీద లైసెన్సు, ఫీజు, జరిమానా అని మొదలుపెడితే ఆ పిల్లాడి బడి మానిపించడమే అవుతుంది. నమోదుతో పాటు నాలుగు జాకెట్లు ఊరికే ఇవ్వండి. ఏ పడవ ఎవరిదో తెలిస్తే వరదొచ్చినప్పుడు వాళ్లకి ముందే కబురు చెప్పొచ్చు. రూల్సు గట్టిగా ఉండాల్సింది టికెట్టు అమ్ముకునే మా బోటుకి.

పెద్ద బోటు వేగంగా పోతే లేచే అల నాటు పడవని ఊపేస్తుంది. అమెరికాలో చాలా చెరువుల్లో ‘నో వేక్’ బోర్డులు ఉండేది ఇందుకే. అల లేపకుండా మెల్లగా పోవాలని అర్థం. మాకు మైకులో చెప్పిన జాగ్రత్తల్లో దీని ఊసే లేదు.

సరంగు మాత్రం ఆ పడవని చూడగానే ఇంజిన్ తగ్గించేశాడు.

“ఎవరైనా చెప్పారా అండీ, ఇలా తగ్గించమని?” అని అడిగాను.

“చెప్పేదేవుంది బాబూ, మా అత్తోరిది ఈ ఊరేనండి” అన్నాడు.